‘రక్త ప్రాయశ్చిత్తం’ అనవచ్చా?

అందరికీ నమస్కారం. అమెరికాలో పుట్టిన మోర్మన్ మతశాఖలోని కొందరు మౌలికవాదులు చేసిన హత్యల గురించిన వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. (ఛాందసవాదులు అనడానికి మనసొప్పలేదు. ఛందస్సంటే వేదం, ఛాందసుడంటే వేదం చదివినవాడు. అమెరికాలోని యూటా రాష్ట్రపు మనుషులకు ఆ మాట నప్పదు.) బహుభార్యాత్వాన్ని మోర్మన్ సంఘం 1890లో మానుకున్నట్టు ప్రకటించింది. దానికి ఒప్పుకోకుండా వేరుపడ్డవారి వారసులే ఈ మౌలికవాదులు. అందులో అత్యధికులు ఎవరి జోలికీ పోనివారే.

చిక్కంతా ‘బ్లడ్ అటోన్‌మెంట్’ దగ్గర వచ్చింది. కొన్ని పాపాలకు క్రీస్తు రక్తం చాలదని, పాపి తన రక్తమే చిందించాలని 1850లలో అప్పటి మోర్మన్ సంఘ నాయకుడు బ్రిగమ్ యంగ్ బోధించాడు. అలా రక్తం చిందించడం పొరుగువాణ్ణి ప్రేమించడమేనని కూడా అన్నాడు. అది తమ సిద్ధాంతం కాదని ప్రధాన సంఘం 2010లోనూ స్పష్టం చేసింది. కానీ ఒక మౌలికవాద శాఖ నాయకుడు ఎర్విల్ లెబారన్ దాన్ని పట్టుకున్నాడు. 1972లో సొంత అన్నను, 1977లో మరో శాఖ నాయకుడు రూలన్ ఆల్‌రెడ్‌ను చంపించాడు. 1981లో జైలులో చనిపోయాడు. చంపాల్సినవారి పేర్లతో అతడు రాసిపెట్టిన జాబితా మాత్రం చావలేదు. 1988లో టెక్సస్‌లో అతని అనుచరులు ముగ్గురు మాజీ సభ్యులను, ఎనిమిదేళ్ల పాపను కాల్చి చంపారు.

దీన్ని ప్రాయశ్చిత్తం అని ఎలా రాయను? ప్రాయమంటే తపస్సు, చిత్తమంటే నిశ్చయం అని పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి. ఆ రెండూ తప్పు చేసినవాడివే కదా.

జవాబు: మాస్టారూ, ధర్మశాస్త్రాల్లో మరణంతో ముగిసే ప్రాయశ్చిత్తాలూ ఉన్నాయి. పైగా తెలుగు బైబిలులో యాజకుడు ప్రజల నిమిత్తం ప్రాయశ్చిత్తం చేస్తాడు. అంటే ఒకరి కోసం మరొకరు చేయడం మన క్రైస్తవ తెలుగులో ఎప్పుడో స్థిరపడింది. మీరు సంస్కృతార్థం దగ్గరే ఆగిపోయారేమో.

నిజమేనమ్మా, ఆ కోణం నాకు తట్టలేదు. కానీ చూడండి, శాస్త్రం చెప్పిన మరణాన్ని పాపి తానే కోరి తెచ్చుకుంటాడు. యాజకుడు ఎవరి నిమిత్తం ప్రాయశ్చిత్తం చేస్తాడో వారు బతికి ఇంటికి వెళ్తారు. ఇక్కడ మాత్రం ఎవరి మేలు కోసమంటున్నారో వారినే చంపుతున్నారు. ఆ ఎనిమిదేళ్ల పాపకు ఏ పాపం అంటగడతాం? అందుకే కొటేషన్ గుర్తుల మధ్య ‘రక్త ప్రాయశ్చిత్తం’ అని ఒక్కసారి రాసి, ‘పాపిని చంపితేనే పాపం పోతుందనే వాదం’ అని వెంటనే విప్పి చెబుతాను.

ఇంతకంటే బాధపెట్టిన మాట ఇంకొకటి ఉంది. 1984 జులై 24న యూటాలోని అమెరికన్ ఫోర్క్‌లో మౌలికవాదులైన రాన్, డాన్ లాఫర్టీ సోదరులు తమ తమ్ముడి భార్యను, పదిహేను నెలల ఆమె కూతురిని చంపారు. తనకు దేవుడి ప్రత్యక్షత కలిగిందని రాన్ రాసుకున్న కాగితంలో చంపమని లేదు, ‘తొలగించమని’ ఉంది. తెలుగులో ఆక్రమణలు తొలగిస్తాం, జాబితా నుంచి పేర్లు తొలగిస్తాం. ఆ కాగితాన్ని ఉటంకించే చోట ‘తొలగించు’ అనే ఉంచుతాను, ఎందుకంటే ఆ మాటతోనే వారు ఆ పనికి సిద్ధపడ్డారు. నా వాక్యం మొదలైన చోట మాత్రం ‘చంపారు’ అనే ఉంటుంది.