బడిలో మాక్ ఎన్నిక: అసలు పార్టీల పేర్లా, కల్పిత పేర్లా?

పలక_బలపం

పార్లమెంటు ఎలా నడుస్తుందో బ్రిటన్ జనానికి చెప్పే పని హన్సార్డ్ సొసైటీ 1944 నుంచి చేస్తోంది. స్టీఫెన్ కింగ్-హాల్ అనే ఎంపీ పెట్టిన సంస్థ. అప్పటి ప్రధాని చర్చిల్, ఉపప్రధాని అట్లీ తొలి సభ్యులు. ఏ పార్టీకీ కొమ్ముకాయని ఛారిటీ. సాధారణ ఎన్నికలప్పుడు బడుల్లో మాక్ ఎన్నికలు, అంటే పిల్లలే నిలబడి పిల్లలే ఓటేసే నమూనా ఎన్నికలు కూడా నడిపించింది. ఇలాంటి సంస్థ బ్యాలెట్ మీద లేబర్, కన్సర్వేటివ్ అని అసలు పేర్లే వేయాలా? నీలం పార్టీ, పచ్చ పార్టీ అని కల్పించాలా? ఇది మన ఇళ్లకూ సంబంధించినదే. ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడ బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లకు కామన్వెల్త్ పౌరులుగా ఓటు ఉంది. పైగా ఓటు వయసు 16కు దించుతామని ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది.

నల్లబల్ల

ముందు పిల్లల వయసు చెప్పండి, సగం వాదన అక్కడే తేలిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్ కౌన్సిల్ బడులకు వర్తించే 1996 విద్యాచట్టం 406వ సెక్షన్ ప్రకారం 12 ఏళ్లు నిండని పిల్లలతో బడిలో పార్టీ కార్యకలాపాలు చేయించకూడదు. ఏ వయసువాళ్లకైనా పాఠం పేరుతో ఒక పార్టీ అభిప్రాయం నూరిపోయకూడదు. రాజకీయ విషయం ఎత్తితే ఎదుటి వాదన కూడా సమతూకంగా వినిపించాలన్నది 407వ సెక్షన్. కౌన్సిల్ చేతిలో లేని ప్రభుత్వ నిధుల బడులైన అకాడమీలకు వేరే నిబంధనల్లో దాదాపు ఇదే ఉంది. కాబట్టి ప్రైమరీలో కల్పిత పార్టీలే, అందులో చర్చ లేదు. కానీ నీలం, ఎరుపు, పచ్చ వద్దండీ. ఇక్కడ అవి పార్టీల రంగులే. నీలం అనగానే పదేళ్ల పిల్లకైనా కన్సర్వేటివ్ గుర్తొస్తుంది. బడి మధ్యాహ్న భోజనం, ఆటస్థలం లాంటి అంశాల మీద పార్టీలు కట్టించండి.

కౌంటింగ్_టేబుల్

ప్రైమరీ సంగతి ఒప్పుకుంటాను. సెకండరీలో మాత్రం అసలు పేర్లే ఉండాలి. రేపు పోలింగ్ కేంద్రంలో పిల్లలు చూసేది అవే కదా. 2024 జూలై బ్రిటన్ ఎన్నికలో రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం ఓట్లు, 5 సీట్లు. లిబరల్ డెమోక్రాట్లకు 12.2 శాతమే, కానీ 72 సీట్లు. అదే ఏడాది ఆంధ్ర అసెంబ్లీ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చినా 175లో 11 సీట్లే దక్కాయి. ఇది ఏ పార్టీకో జరిగిన అన్యాయమని కాదు, ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లే గెలిచే పద్ధతి లక్షణం అది. బొమ్మ పార్టీలతో ఆడితే పిల్లల బుర్రకు ఈ లెక్క ఎక్కదు.

మూడో_బెంచీ

లెక్క ఎక్కడానికి అసలు పేర్లు అక్కర్లేదు, నియోజకవర్గాలు కావాలి. బడి మొత్తానికీ ఒకే పెట్టె పెట్టడం దగ్గరే ఎక్కువ బడులు దెబ్బతింటాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు గెలిచారు అంటే చాలు, పాఠం అయిపోతుంది. పది క్లాసులను పది నియోజకవర్గాలు చేయండి. క్లాసుకు 30 ఓట్లు, మూడు పార్టీలు. ఆరు క్లాసుల్లో మొదటిదానికి 12, రెండోదానికి 10, మూడోదానికి 8. మిగతా నాలుగింట్లో 2, 10, 18. కూడితే మొదటి పార్టీకి 80 ఓట్లు, 6 సీట్లు. రెండోదానికి 100 ఓట్లు, సున్నా సీట్లు. అందరికంటే ఎక్కువగా 120 ఓట్లు తెచ్చుకున్న మూడోదానికి 4 సీట్లే. ఈ అంకెలు బోర్డు మీద వేస్తే చాలు, ఏ పార్టీ పేరూ లేకుండానే పిల్లలు గట్టిగా వాదించుకుంటారు.

కౌంటింగ్_టేబుల్

ఆ పట్టిక బాగుంది, నేనూ వాడతాను. కానీ అది ఫలితాల పాఠం. మేనిఫెస్టో చదవడం మాటేమిటి? కల్పిత పార్టీ మేనిఫెస్టో పిల్లలే రాస్తారు, అందులో ఖర్చు లెక్క ఉండదు. అసలు మేనిఫెస్టోలో ఇచ్చిన హామీకి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో వెతకాల్సి వస్తుంది. అది నేర్పకపోతే మాక్ ఎన్నిక ఉత్త వేడుక.

నల్లబల్ల

సరే, సెకండరీలో అసలు పేర్లే అనుకుందాం. అయితే ఈ జాగ్రత్తలు తప్పవు. అభ్యర్థిగా ఒక్క పిల్లను నిలబెడితే ఓట్లు పార్టీకి పడవు, స్నేహానికి పడతాయి. పార్టీకి ఐదారుగురి జట్టు పెట్టి, ఏ జట్టు ఏ పార్టీయో చీటీ తీయండి. ఇంట్లోవాళ్ల పార్టీని పిల్లల మీద రుద్దే పని అప్పుడు ఉండదు. ప్రతి జట్టూ పార్టీ ప్రచురించిన మేనిఫెస్టో నుంచే 200 మాటల సారాంశం రాయాలి. అక్షరాల సైజు ఒకటే, కాగితం ఒకటే. మాట్లాడే వరస కూడా చీటీతోనే. చిన్న పార్టీని ఎందుకు పిలిచారో, ఎందుకు పిలవలేదో కారణం ముందే రాసి పెట్టుకోండి. తల్లిదండ్రులు అడిగాక వెతుక్కుంటే ఎవరూ నమ్మరు. అన్నిటికంటే ముఖ్యం, ఫలితం బడి గోడ దాటకూడదు. 'మా బడిలో ఫలానా పార్టీ గెలిచింది' అని ఛారిటీ తన పేజీలో పెట్టిందంటే, ఏ పార్టీనీ సమర్థించకూడదన్న ఛారిటీ కమిషన్ (ఛారిటీలను పర్యవేక్షించే సంస్థ) నియమానికి ఎసరు పెట్టుకున్నట్టే.

దస్తావేజు

అందరూ ఎన్నిక దగ్గరే ఆగిపోయారు. ఎన్నిక ఒక్క రోజు, పార్లమెంటు ఐదేళ్లు. పిల్లలకు ఒక్క స్టాట్యుటరీ ఇన్‌స్ట్రుమెంట్ చూపించండి. చట్టం కింద మంత్రి చేసే నిబంధన అది. చాలావాటికి 40 రోజుల గడువులో సభ అభ్యంతరం చెప్పకపోతే అలాగే అమల్లో ఉంటాయి. 1979 తర్వాత దిగువసభ కామన్స్ ఒక్కదాన్నీ తిరస్కరించలేదు. ఇండియాలోనూ నిబంధనలను సభ ముందు 30 రోజులు ఉంచడమే రివాజు. నిష్పాక్షిక సంస్థ సిసలైన పని ఇక్కడ ఉంది. దీనికి ఏ పార్టీ పేరూ అవసరం లేదు, ఏ తల్లిదండ్రులూ ఫిర్యాదు చేయరు.

మూడో_బెంచీ

మీరన్నది నిజమేనండీ. కానీ 14 ఏళ్ల పిల్లలకు నేరుగా నిబంధన చూపిస్తే పది నిమిషాల్లో ఆవలింతలు వస్తాయి. ఎన్నికతో ఆసక్తి పుట్టించి, ఆ 'గెలిచిన' ప్రభుత్వం చేతే మరుసటి వారం ఒక నిబంధన చేయించి, ప్రతిపక్షం జట్లను అడ్డుకోమనండి. అప్పుడు రెండూ కుదురుతాయి.

కౌంటింగ్_టేబుల్

అది చేయొచ్చు. పేర్ల మీద నా మాట మారలేదు. లెక్కింపు మాత్రం తొందరపడి చేయకండి. ముందు ఇచ్చిన కాగితాలెన్ని, పెట్టెలో ఉన్నవెన్ని సరిచూడాలి, ఆ తర్వాతే పార్టీలవారీగా వేరు చేయాలి. చెల్లని ఓట్లను చేతుల్లోకి తీసుకుని చూపించండి: అధికారిక గుర్తు లేనివి, ఇద్దరికి వేసినవి, ఎవరు వేశారో తెలిసిపోయేవి, ఖాళీగా ఉన్నవి లేదా ఎవరికి వేశారో తేలనివి. గుణకారం గుర్తే వేయమని చెప్పినా, టిక్కు పెట్టినా ఎవరికి వేశారో స్పష్టంగా తెలిస్తే ఆ ఓటు చెల్లుతుంది. బ్రిటన్ బ్యాలెట్‌లో నోటా లేదు, అది మన ఇండియా పిల్లలకు విడిగా చెప్పాలి.

నల్లబల్ల

ఇంకొకటి. బ్రిటన్ అసలు బ్యాలెట్ వెనక వరస సంఖ్య ఉంటుంది. ఏ ఓటరుకు ఏ కాగితం ఇచ్చారో వేరే జాబితాలో రాసి సీలు వేస్తారు, కోర్టు ఆదేశిస్తే తప్ప దాన్ని తెరవరు. బడిలో ఆ సీలూ, ఆ కోర్టూ ఉండవు. కాబట్టి కాగితం మీద సంఖ్య వేయకండి. వెనక ఒక రబ్బరు ముద్ర వేస్తే చాలు.