ఈఓఎఫ్ (ఎండ్ ఆఫ్ ఫైల్, 'ఇక్కడితో అయిపోయింది' అనే మాట) రాసినా షెల్ స్క్రిప్టులో హియర్‌డాక్ ఆగట్లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

మద్దిలపాలెం_కుర్రోడు: ఇఫ్ బ్లాకులో హియర్‌డాక్ (ముగింపు మాట వచ్చేదాకా స్క్రిప్టులోనే రాసి కమాండుకిచ్చే టెక్స్టు) పెట్టా. చూడ్డానికి బావుంటుందని చివరి ఈఓఎఫ్‌ని నాలుగు స్పేసులు లోపలికి జరిపా. కింద ఇఫ్‌ని మూసే 'ఫై'ని కూడా మింగేసి సింటాక్స్ ఎర్రర్ అంటోంది. పైగా పాస్‌వర్డులో డాలర్ గుర్తు దగ్గర్నుంచి మాయం. ఇంకోటి, క్యాట్ కమాండుకి టెర్మినల్లో చేత్తో టైపు చేస్తే ఎలా ముగించాలి?

గాజువాక_గురుడు: స్పేసులకి లొంగదు బాబూ. హియర్‌డాక్ మొదలెట్టే రెండు లెస్‌దాన్ గుర్తుల (<<) పక్కన మైనస్ పెట్టినా టాబులే తీస్తది. నా ఎడిటర్ టాబ్ నొక్కితే స్పేసులేసేది. అది తెలిసేసరికి రాత్రి రెండు, సిరిపురం నుంచి ఇంటికి ఆటోవాడు అడిగినంతా ఇచ్చుకున్నా.

రుషికొండ_నైట్‌షిఫ్ట్: మాది విండోస్‌లో సేవ్ చేసిన ఫైలు. ఈఓఎఫ్ వెనకాల కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ (విండోస్ లైను చివర పెట్టే అదనపు క్యారెక్టర్)! దాన్ని తీసేసే డాస్‌టుయునిక్స్ కమాండు కొట్టాకే దారికొచ్చింది. టెర్మినల్లో అయితే కంట్రోల్-డీ, ఈఓఎఫ్ క్యారెక్టర్ వెళ్తుంది.

సీ_తప్ప_వద్దు: ఏ క్యారెక్టరూ వెళ్లదు. తెలీకుండా చెప్పకండి.

రుషికొండ_నైట్‌షిఫ్ట్: ఆస్కీలో (క్యారెక్టర్లకి నంబర్లిచ్చే పట్టిక) కంట్రోల్-డీకి 4 ఉంది కదా, అదేటి మరి?

సీ_తప్ప_వద్దు: ఆ 4 కీబోర్డుకీ ప్రోగ్రాముకీ మధ్యనుండే టెర్మినల్ డ్రైవర్ దగ్గరే ఆగిపోతుంది. ఇప్పటిదాకా టైపు చేసింది ప్రోగ్రాముకి ఇచ్చెయ్ అని దానర్థం. లైను మొదట్లో కొడితే ఇవ్వడానికేం ఉండదు, ప్రోగ్రాము చేసే రీడ్‌కి సున్నా బైట్లు వస్తాయి. అదే ముగింపు. లైను మధ్యలో రెండుసార్లు ఎందుకు కొట్టాలో ఎప్పుడైనా ఆలోచించారా?

రుషికొండ_నైట్‌షిఫ్ట్: డాస్‌లో కంట్రోల్-జెడ్, ఆస్కీలో 26, నిజంగానే ఫైల్లో ఉండేది. అదీ అబద్ధమేనా?

సీ_తప్ప_వద్దు: అది సీపీఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చిన గోల. అక్కడ ఫైలు సైజు 128 బైట్ల ముక్కల లెక్క, టెక్స్టు ఎక్కడ ఆగిందో చెప్పడానికి 26 కావాల్సొచ్చింది. యునిక్స్‌కి ఆ ఖర్మ లేదు.

పాత_మెయిన్‌ఫ్రేమ్: జేసీఎల్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో జాబులు నడిపే భాష) స్లాష్ స్టార్ పెడితే డేటా అయిపోయినట్టే. డేటాలోనే అది వస్తే డీఎల్ఎమ్‌తో వేరే ముగింపు గుర్తు ఇచ్చుకునేవాళ్లం. ఇరవై రెండేళ్లలో నా జాబు ఒక్కటీ ఇలా చావలేదు.

గాజువాక_గురుడు: ఒక్కటీనా! ఆదివారం బీచ్ రోడ్డుకి రండి సార్, ముంతమసాలా తింటూ వింటాం.

పాత_మెయిన్‌ఫ్రేమ్: వెటకారం వద్దు బాబూ.

మద్దిలపాలెం_కుర్రోడు: మైనస్, టాబు పెట్టా, పనైంది. పాస్‌వర్డ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

గాజువాక_గురుడు: పైన ఈఓఎఫ్‌కి సింగిల్ కోట్లు పెట్టు, కిందదానికి వద్దు. అప్పుడు డాలర్‌ని వేరియబుల్ అనుకోదు.

మద్దిలపాలెం_కుర్రోడు: మిగతా వేరియబుల్స్ విలువలు రావాలి కదన్నా.

గాజువాక_గురుడు: ఐతే కోట్లు తీసెయ్, ఆ ఒక్క డాలర్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టు.

సీ_తప్ప_వద్దు: ఆగండాగండి. పాస్‌వర్డు స్క్రిప్టులోనే రాశారా?