నాయనమ్మ పెట్టెలో దొరికిన పునీత (సెయింట్) అంతోనివారి అవశేషాన్ని ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, గుణదల కొండకి దగ్గర్లోనే ఉంటాం. పోయిన నెల నాయనమ్మ చనిపోయాక ఆవిడ ట్రంకు పెట్టె సర్దుతుంటే జపమాలల మధ్య రూపాయి బిళ్ళంత ఇత్తడి డబ్బీ ఒకటి దొరికింది. ముందు అద్దం, లోపల ఎర్ర గుడ్డ మీద నువ్వుగింజంత పేలిక, కింద చీమతలంత అక్షరాల్లో లాటిన్‌లో అంతోనివారి పేరు, 'ఎక్స్ ఇండుమెంటిస్' అని ఉంది. అంటే ఆయన వస్త్రాల్లోంచి తీసినది అట. వెనక ఎర్ర దారం, దాని మీద లక్క ముద్ర. తమ్ముడు పిన్నీసుతో తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, ముద్ర పగిలితే అసలుదో కాదో తేల్చడం కష్టమని ఎక్కడో చదివా.

ఇప్పుడు బాబాయి అమ్మేద్దాం అంటున్నాడు. పునీతుల అవశేషాలు అమ్మడం కతోలిక చర్చి చట్టం 1190వ నిబంధన ప్రకారం నిషేధం అని చెప్పినా వినడు. మా ఆవిడేమో పెంతెకొస్తు వాళ్ళమ్మాయి, ఇంట్లో విగ్రహారాధన ఏంటి అని గొడవ. పౌలు ఒంటికి తాకించిన చేతిగుడ్డలతో రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19:12లో ఉంది కదా, ఆరాధన దేవుడికే, ఇది గౌరవం మాత్రమే అన్నాను. ఊరుకుంది గానీ ఒప్పుకోలేదు.

దీనితోపాటు ఇది అసలుదేనని చెప్పే ధ్రువపత్రం ఉండాలట, అది మాకు దొరకలేదు. అది లేకుండా చర్చికి ఇస్తే తీసుకుంటారా? ముందు మా విచారణ (పారిష్) ఫాదర్ గారిని అడగాలా, నేరుగా మేత్రాసన (బిషప్ గారి) ఆఫీసుకి వెళ్ళాలా? ఇంట్లో ఉంచుకుంటే ఎలా ఉంచాలి? ఎవరింట్లోనైనా ఇలాంటిది ఉంటే చెప్పండి ప్లీజ్. ప్రస్తుతానికి బీరువాలో, నాయనమ్మ చీర మడతలో పెట్టాను.