అప్‌డేట్: క్లిప్పు తీసేశాను, చాకు జేబులోనే ఉంది

మడత చాకును క్లిప్పుతో జేబు అంచుకు తగిలించుకోవాలా, క్లిప్పు లేకుండా జేబులో వేసుకోవాలా అని రెండు నెలల క్రితం అడిగాను. ఎక్కువ మంది క్లిప్పు ఉంచమన్నారు. ఆరు వారాలు అలాగే వాడి చూశాను.

నాది విశాఖ ఫిషింగ్ హార్బరులో తాళ్లు కోసే పని. తడి చేతికి చాకు వెంటనే అందడం ఎంత హాయో చెప్పలేను. కానీ ఉప్పుగాలికి ముందుగా తుప్పు పట్టినవి క్లిప్పు మరలే. స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన తుప్పు రాదనుకోకండి. ఉప్పులోని క్లోరైడు ఆ ఉక్కు మీద కూడా గుంతలు చేస్తుంది. పైగా ప్యాంటు జేబు అంచు చిరిగింది.

అసలు కారణం వేరు. జగదాంబ దగ్గర బస్సెక్కితే, పక్కన కూర్చున్న పెద్దావిడ క్లిప్పు చూసి బిడ్డను దగ్గరకు లాక్కుంది. 2016 నాటి ఆయుధాల నిబంధనలు ఆయుధంగా లెక్కించే, 9 అంగుళాల పొడవు దాటిన కత్తి ఎక్కడ, నా 3 అంగుళాల చాకు ఎక్కడ! అయినా ఆమె భయం నన్ను బాధపెట్టింది.

ఇప్పుడు చాకును చిన్న తోలు సంచిలో పెట్టి జేబులో వేసుకుంటున్నాను. తాళాలతో గీతలు పడటం లేదు. నూలుపోగులు మాత్రం కీలులో చేరుతున్నాయి. అందుకే రోజూ సాయంత్రం మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తున్నాను.