వదిలేసిన స్నాపర్ బతుకుతుందా? సముద్రంలో అడుగు వేటకు మూడు నెలల విరామం ఉండాలా, వద్దా?

తీరంవాసి (జాక్సన్‌విల్, ఫ్లోరిడా)
సముద్రపు అడుగుకి గాలం దించేవాళ్లందరికీ ఈ ప్రశ్న. ఫ్లోరిడా తూర్పు తీరంలో, ఫెడరల్ నీళ్లలో (రాష్ట్ర హద్దు దాటాక కేంద్రం కిందికి వచ్చే సముద్రంలో) పట్టిన రెడ్ స్నాపర్ అనే అడుగు చేపను ఇంటికి తెచ్చుకోవడానికి 2024లో సరదా వేటగాళ్లకు దొరికింది ఒక్క రోజు, జూలై 12. 2025లో రెండు రోజులు. ఆ రెండేళ్లూ మిగతా రోజుల్లో గాలానికి పడిన ప్రతి స్నాపర్‌నూ వదిలేయాల్సి వచ్చింది. అలా వదిలాక చచ్చిపోతున్నవే అసలు నష్టమని లెక్క తేలింది.

అందుకే 2025 జనవరిలో నోవా (సముద్ర వేట నిబంధనలు చూసే అమెరికా కేంద్ర సంస్థ) ఒక ప్రతిపాదన పెట్టింది. కేప్ కెనావెరల్ నుంచి జార్జియా సరిహద్దు దాకా, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, స్నాపర్, గ్రూపర్ జాబితాలోని 55 రకాల చేపలకు సరదా వేట బంద్. జూన్‌లో తుది నిబంధన వచ్చేసరికి ఆ భాగం తీసేశారు. అలా తీసేయడం అన్యాయమని నా అభిప్రాయం. గాలం అడుక్కి దిగాక ఏ చేప కొరుకుతుందన్నది మన చేతిలో లేదు. బ్లాక్ సీ బాస్ కోసమో, ట్రిగ్గర్ ఫిష్ కోసమో స్క్విడ్ ముక్క గుచ్చుతాం. అదే రాతిగట్టు మీదున్న స్నాపర్ ముందొచ్చి మింగుతుంది. స్నాపర్ ఒక్కదాన్నే నిషేధించి మిగతా అడుగు వేట తెరిచి ఉంచితే దాని చావులు ఎలా ఆగుతాయి?

సీసంగుండు
అన్నా, మూడు నెలలు మూసేస్తే మేపోర్ట్, సెయింట్ అగస్టీన్ రేవుల్లో చార్టర్ బోట్లవాళ్లు (వేటకు బోటు అద్దెకిచ్చి తిప్పేవాళ్లు) ఏం తిని బతకాలి? చలికాలంలో కింగ్ ఫిష్ దక్షిణానికి వెళ్లిపోతుంది. అప్పుడు వాళ్లకొచ్చే బేరమే అడుగు వేట.

ఇంకో మాట. వదిలిన చేప చావడానికి పైనున్న వేడి నీళ్లు కూడా పెద్ద కారణం. స్నాపర్ సీజనేమో జూలైలో పెట్టి, నీళ్లు చల్లబడి చేప కోలుకునే వీలున్న జనవరిలో బంద్ పెట్టడం ఏం న్యాయం? 2020 జూలై నుంచి ప్రతి బోటులో డిసెండర్, అంటే చేపను మళ్లీ లోతుకు దించే పరికరం, ఉండాలన్నారు. మన వైపు సహజమైన ఎరతో వేస్తే సర్కిల్ హుకే (మొన లోపలికి తిరిగిన గుండ్రటి కొక్కెం) వాడాలన్నారు. ఉన్న నిబంధనలను గట్టిగా అమలు చేయించండి, చాలు.

లోతునీళ్లు
డిసెండర్ గురించి కొత్తవాళ్లకు కాస్త వివరంగా చెప్పాలి. స్నాపర్ పొట్టలో గాలితిత్తి ఉంటుంది. అది మూసిన సంచి, గాలిని గబుక్కున బయటికి వదల్లేదు. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణపు పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల నుంచి పైకి లాగితే ఆ గాలి నాలుగింతలు ఉబ్బుతుంది. కళ్లు పొడుచుకొస్తాయి, జీర్ణాశయం నోట్లోంచి బయటికి వస్తుంది. అలాగే నీళ్లలో పడేస్తే మునగలేక పైనే తేలుతుంది, డాల్ఫినో సొరచేపో నోట కరుచుకుపోతుంది. డిసెండర్ దాని దవడ పట్టుకుని బరువుతో కిందికి దించి వదులుతుంది. పీడనం పెరిగేకొద్దీ గాలి మళ్లీ కుంచించుకుంటుంది.

కొందరు నోట్లోంచి వచ్చినదాన్ని గాలితిత్తి అనుకుని సూదితో పొడుస్తారు. దయచేసి ఆ పని చేయకండి, అది జీర్ణాశయం. సూదే వాడాలంటే పక్క రెక్క మొదలుకు ఒకటి రెండు అంగుళాల వెనక, పొలుసు కింద, ఏటవాలుగా గుచ్చాలి.

నేను డిసెండర్ పక్షమే. కానీ నిబంధన అడిగేది దాన్ని చేతికందేలా సిద్ధంగా ఉంచమనే. పార్టీ బోటులో, అంటే తలా ఇంత కట్టి గుంపుగా వేటకెళ్లే బోటులో, ఇరవై మంది ఒకేసారి రీళ్లు తిప్పుతుంటే ఒక్క డిసెండర్‌తో ఎన్ని చేపల్ని దించగలరు? మొదటిదాన్ని దించి వచ్చేలోపు మిగతావి డెక్ మీద ఎండలో కొట్టుకుంటుంటాయి. నేను వెళ్లిన బోట్లలో చాలాసార్లు చూసింది ఇదే.

ఉప్పాడ_తీరం
మాది కాకినాడ వైపు. మా దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర బోట్లూ మోటారు బోట్లూ వేటకు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ విరామం. పని పోయిన మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో 20,000 రూపాయలు ఇచ్చారు. చాలదని మా వాళ్లు అంటూనే ఉంటారు, అది వేరే చర్చ. మీ ప్రతిపాదనలో బోటువాళ్ల భృతి సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి? పైగా రెడ్ స్నాపర్ గుడ్లు పెట్టేది ఎండాకాలంలో కదా, మరి బంద్ డిసెంబరులో ఎందుకు?

తీరంవాసి
ఉప్పాడ గారూ, ఇక్కడి విరామం గుడ్ల కోసం కాదు. గాలానికి పడే స్నాపర్ల సంఖ్య తగ్గించడానికి. నెలల మీద నాకు పట్టుదల లేదు, ఎండాకాలానికి మార్చినా సంతోషమే. సీసంగుండు తమ్ముడూ, చార్టర్లకు నష్టపరిహారం ఇవ్వాలని నేనూ అంటాను. కానీ ఈ చేప యాభై ఏళ్లకు పైగా బతకగలదు. వయసు మళ్లిన పెద్ద ఆడచేప పెట్టే గుడ్లతో చిన్నది పెట్టేవాటికి పోలికే లేదు. ఆ పెద్దవి తేలిపోయి చస్తుంటే, స్నాపర్ల సంఖ్య పెరిగింది కదా అని ఎవరన్నా ఊరుకోలేం.

గాల్వెస్టన్_అక్క
టెక్సాస్ నుంచి రాస్తున్నాను. మా వైపు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, ఫెడరల్ నీళ్లలో మనిషికి రెండు స్నాపర్లు, కనీసం 16 అంగుళాలు ఉండాలి. అంటే 15 అంగుళాల చేప పొట్ట బయటికొచ్చి చావుబతుకుల్లో ఉన్నా వదిలేయాల్సిందే. నాకు ఇది ఏ కోశానా నచ్చదు. మీకక్కడ స్నాపర్‌కు కొలత నిబంధన లేదు కాబట్టి ఇంకో దారి ఉంది. రకంతో, సైజుతో పని లేకుండా మొదట పడినవే మన వాటా. ఆ సంఖ్య నిండగానే అడుగు వేట ఆపి బోటు తిప్పాలి.

సీసంగుండు
అక్కా, ఇదైతే మా రేవులో చాలామంది ఒప్పుకుంటారు. బోటు నడుస్తుంది, చేప వృథా పోదు. గాలానికి ఒకే హుక్ అని కూడా కలపండి.

లోతునీళ్లు
వాటా చిన్నదైతేనే నాకు సమ్మతం. మనిషికి పది అంటే ఒక్క పార్టీ బోటే ఇరవై మందితో రెండు వందల చేపలు దించుతుంది, అందులో స్నాపర్లు ఎన్ని ఉంటాయో ముందే చెప్పలేం. మనిషికి మూడో నాలుగో పెట్టి, రేవులో దిగేటప్పుడు లెక్క చూసే మనిషిని పెడితే తీరంవాసి గారు అడిగే మూడు నెలల బంద్ అక్కర్లేదు. ఆ మనిషికి జీతం ఇవ్వడానికి ఫ్లోరిడా ఒప్పుకోకపోతే మాత్రం నా ఓటు బంద్‌కే.