ఉమ్మడి బీడులో గడ్డి మిగలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (ఉప్పల్ నుంచి)

అందరికీ నమస్కారం. చేవెళ్ల దగ్గర మా తాతగారి 12 ఎకరాల బీడు ఇంకా పంచుకోలేదు. నాకూ, చిన్నాన్న కొడుకులిద్దరికీ ఉమ్మడిగానే ఉంది. ఊళ్లో ఉన్న పెద్ద తమ్ముడికి 40 గొర్రెలు, చిన్నవాడికి 20. ఏడాది పొడుగునా అక్కడే మేపుతారు. మొన్న వెళ్లి చూస్తే గడ్డి దుబ్బులు వేళ్లతో సహా లేచిపోయాయి. తంగేడు, వయ్యారిభామ తప్ప పచ్చదనం లేదు. మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. మంద తగ్గించమంటే, "మా బతుకే అది అన్నా, నువ్వు నగరంలో ఉంటావు" అన్నారు. అందులో న్యాయముంది, కాదనలేకపోయాను. ఇంగ్లండులో ఉమ్మడి పచ్చికల్లో మంద తగ్గించిన రైతుకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందని చదివాను. అలాంటి ఏర్పాటు మా ఇంట్లోనే చేసుకోగలమా?

జవాబు (రాజేంద్రనగర్ నుంచి)

చేసుకోవచ్చండీ. పశువైద్యంలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి వివరంగా చెబుతాను.

యూరప్‌లో ఒకప్పుడు గొర్రెకు ఇంత అని తలలెక్కన సబ్సిడీ ఉండేది. అందరూ మందలు పెంచారు, బ్రిటన్ కొండ పచ్చికలు బాగా దెబ్బతిన్నాయి. ఇంగ్లండులో 2005 నుంచి సబ్సిడీకీ పశువుల సంఖ్యకూ ముడి తెంచారు. పర్యావరణ ఒప్పందాలు అంతకుముందే, 1987లో మొదలయ్యాయి. ఇన్ని పశువులనే, ఫలానా నెలల్లోనే మేపుతానని రైతు రాసిస్తాడు, తగ్గిన ఆదాయానికి పరిహారం తీసుకుంటాడు. ఉమ్మడి భూమి అయితే హక్కుదారులు ముందు తమలో తాము వాటాలు తేల్చుకోవాలి. ఒకరు తగ్గించిన చోట ఇంకొకరు పెంచితే అంతా వృథా.

ఇప్పుడు మీ లెక్క. 30 కిలోల గొర్రె రోజుకు సుమారు కిలో ఎండు మేత తింటుంది. 60 గొర్రెలకు 60 కిలోలు. 12 ఎకరాలంటే దాదాపు 5 హెక్టార్లు. ఇలా అరిగిన బీడులో ఏడాదికి హెక్టారుకు టన్ను ఎండు గడ్డి వస్తే గొప్పే. దుబ్బు బతకాలంటే అందులో సగం వదిలేయాలి. మిగిలిన రెండున్నర టన్నులు మీ మందకు 40 రోజులు సరిపోతాయి, అంతే. మీరేమో 365 రోజులు మేపుతున్నారు. ఈ లెక్కను కాగితం మీద వేసి తమ్ముళ్లకు చూపించండి. "తగ్గించండి" అన్నప్పుడు వినని మనిషి కూడా ఇది చూస్తే ఆలోచిస్తాడు.

తొలకరి నుంచి గడ్డి గింజ రాలేదాకా మేపు ఆపాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ప్రశ్న అడిగినవారు

లెక్క చూసి గుండె గుభేలుమంది. కానీ వానాకాలంలో చేలన్నీ పంటతో ఉంటాయి కదండీ, మందను ఎక్కడికి తోలమంటారు?

జవాబు (రాజేంద్రనగర్ నుంచి)

మంచి ప్రశ్న. అందుకే మొత్తం మూయకండి. మూడు ముక్కలు చేసి, ఏటా నాలుగు ఎకరాలు మూయండి. అందులో జూన్ వానలకు స్టైలో (పప్పుజాతి మేత మొక్క), అంజన్ గడ్డి కలిపి చల్లండి. స్టైలో గింజ తోలు గట్టిది, 80 డిగ్రీల నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి ఆరబెట్టి చల్లితే బాగా మొలుస్తుంది. మొదటి ఏడు మందను అసలు వదలకండి. వానాకాలం నాలుగు నెలల లోటుకు జొన్న చొప్ప కొని ఇవ్వాలి. ఆ ఖర్చు మీరు భరించండి. మీరడిగిన పరిహారం అదే. కోతలయ్యాక మందను ఊరి పొలాల్లో కట్టిస్తే ఎరువు కోసం రైతులే డబ్బు ఇస్తారు, బీడుకూ ఊపిరి ఆడుతుంది.

మరొక జవాబు (శంషాబాద్ నుంచి)

మాది గొర్రెల కాపరుల కుటుంబం. ఏ ముక్క ముందు మూయాలో మీ తమ్ముళ్లనే తేల్చమనండి. నీళ్లు ఎటు పారతాయో, గడ్డి ఎక్కడ ముందు లేస్తుందో రోజూ తిరిగేవారికే తెలుసు. తొట్టి ఎప్పుడూ ఒకేచోట ఉంటే చుట్టూ నేల గట్టిపడుతుంది, దాన్నీ జరుపుతూ ఉండండి. ఇంకొక మాట. మందను పూర్తిగా వెళ్లగొట్టే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. మేపే జీవం లేకపోతే ముళ్లకంప కమ్మేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తమ్ముళ్లతో ఫోనులో మాట్లాడాను. ఎగువన వాలులో ఉన్న నాలుగు ఎకరాలు ముందు మూద్దామని పెద్దవాడే అన్నాడు, మట్టి ఎక్కువగా పోతున్నది అక్కడేనట. విత్తనం, చొప్ప ఖర్చు నాది. చిన్నవాడు మాత్రం మూసిన ముక్కకు కాపలా ఎవరని అడుగుతున్నాడు, పక్క ఊరి మేకలు కూడా వస్తాయట. ఆదివారం ముగ్గురం అక్కడే కూర్చుని ఆ సంగతి తేల్చుకుంటాం.