అప్‌డేట్: ఫాస్టా నుంచి ఫైలిప్‌కి మారిస్తే వచ్చే "డూప్లికేట్ పేర్లు" ఎర్రర్ తీరింది

ఫాస్టా, ఫైలిప్ రెండూ ప్రోటీన్ల సీక్వెన్స్‌లు (అక్షరాల వరుసలు) రాసి పెట్టుకునే ఫైల్ ఫార్మాట్లు. వేరుశనగ ప్రోటీన్ల ఫాస్టా అలైన్‌మెంట్‌ని (పోల్చడానికి ఒకదాని కింద ఒకటి పేర్చిన సీక్వెన్స్‌లని) ఫైలిప్‌లోకి మార్చాక, వాటి వంశవృక్షం గీసే ట్రీ ప్రోగ్రాం "ఒకే పేరు మళ్లీ వచ్చింది" అని ఆగిపోతోందని ఇక్కడే అడిగాను. ఇప్పుడు ట్రీ వచ్చేసింది. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

"పేర్ల పొడవు చూడండి" అన్నవారి సలహానే పనిచేసింది. తిరుపతిలో మా డిపార్ట్‌మెంట్ మేడమ్ కూడా ఫైల్ తెరవగానే అదే చూపించారు. పాత స్ట్రిక్ట్ ఫైలిప్‌లో పేరుకి సరిగ్గా 10 అక్షరాల చోటే ఉంటుంది, ఆ వెంటనే సీక్వెన్స్ మొదలవుతుంది. ఫాస్టాలో ఆ కట్టుబాటు లేదు. మా హెడర్లన్నీ (ప్రతి సీక్వెన్స్ పైన ఉండే పేరు లైన్లు) అరాకిస్ హైపోజియా అనే వేరుశనగ శాస్త్రీయ నామంతో మొదలవుతాయి. కన్వర్టర్ కత్తిరించాక "అరాకిస్", ఒక అండర్‌స్కోర్, హైపోజియాలోని మొదటి రెండు ఇంగ్లిష్ అక్షరాలు, అంతే మిగిలాయి. ప్రతి వరుసకీ అదే పేరు! తేడా చూపించే జీన్ నంబర్లు చివర్లో ఉండేవి, అవన్నీ ఎగిరిపోయాయి.

హెడర్లని ఏహెచ్001, ఏహెచ్002 అని కుదించి, ఏది దేనికో ఒక ట్యాబ్ ఫైల్లో రాసి పెట్టుకున్నాను. ట్రీ వచ్చాక అసలు పేర్లు తిరిగి పెట్టేశాను. మీ ప్రోగ్రాం రిలాక్స్‌డ్ ఫైలిప్ చదివేదైతే ఇంత పని అక్కర్లేదు, పొడుగు పేర్లే ఉంచుకోవచ్చు. కానీ పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు.

సీక్వెన్స్‌ని లైన్‌కి 60 అక్షరాల చొప్పున రాశామా, 80 చొప్పున రాశామా అన్నదానికి ఈ ఎర్రర్‌తో సంబంధం లేదు. విండోస్ లైన్ ఎండింగ్‌లు (లైన్ చివర ఉండే కనబడని గుర్తులు) మార్చి చూసినా అదే ఎర్రర్ వచ్చింది.